అరవై నాలుగు గళ్ల లోపలి లెక్క



ఈ పూట ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను. అందుబాటులో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. నేను నెమ్మదిగా చెబుతాను, ఎడమ నుంచి కుడికి రాసుకోండి. ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు, ఆరు, ఏడు, నాలుగు, నాలుగు, సున్నా, ఏడు. సగం అయింది. మిగతా సగం: మూడు, ఏడు, సున్నా, తొమ్మిది, ఐదు, ఐదు, ఒకటి, ఆరు, ఒకటి, ఐదు.

మొత్తం 20 అంకెలు. కోట్లలో చదవాలంటే కొంచెం ఊపిరి బిగబట్టాలి: ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆ పైన తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను.

దీని పుట్టుక మీలో చాలామందికి తెలుసు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే వచ్చే మొత్తం ఇది. ఆట కనిపెట్టినవాడు రాజును ఈ బహుమతి అడిగాడని, రాజు ముందు నవ్వి తర్వాత నోరు వెళ్లబెట్టాడని కథ. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే చరిత్రకారుడు ఈ కథను రాసిపెట్టాడు. అందులో అడిగినవాడి పేరు సిస్సా, గింజలు గోధుమ గింజలు. మన దగ్గరికి వచ్చేసరికి అవి వడ్లో బియ్యమో అయ్యాయి.

ఎన్ని బియ్యమో కూడా చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు అక్కడే ఆగిపోతుంది. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుందాం. బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన సాంబ మసూరి అంతకన్నా సన్నం, కానీ ఇక్కడ మనకు ఉజ్జాయింపు చాలు. అప్పుడు మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఈ కాలంలో ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త అటూ ఇటూ. అంటే ఏడు వందల ఏళ్లకు పైబడిన పంట.

కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. "అబ్బో" అని మనమూ ఊరుకుంటాం. నా ఫిర్యాదు అక్కడే. పెద్దగా ఉండటం గొప్పేమీ కాదు. ఒకటి రాసి పక్కన 30 సున్నాలు పెడితే దీన్ని మించిన సంఖ్య వస్తుంది, దాన్ని చూసి ఎవరూ ముచ్చటపడరు. ఈ సంఖ్యను చూడాల్సింది పైనుంచి కాదు, లోపలి నుంచి. లోపలికి వెళ్తే అక్కడ ఫెర్మా ఉన్నాడు, ఆయిలర్ ఉన్నాడు, గౌస్ ఉన్నాడు. మీ చేతిలో ఉన్న ఫోను కూడా ఉంది.

దానికి ముందు మన పద్యం సంగతి. ఈ 20 అంకెలనూ దాచుకున్న చంపకమాల ఒకటి తెలుగులో ప్రసిద్ధంగా ఉంది. అంకెల పేర్లు నేరుగా చెప్పకుండా వస్తువుల పేర్లతో చెప్పే భూతసంఖ్యల పద్ధతి అది. బాణం అంటే 5, మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి. వేదం అంటే 4. చంద్రుడంటే 1. ఏనుగంటే 8, దిక్కులు మోసే ఏనుగులు ఎనిమిది కాబట్టి. రంధ్రం అంటే 9, శరీరానికి ద్వారాలు తొమ్మిది కాబట్టి. ఆకాశం అంటే సున్నా. చదివేటప్పుడు అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమవైపు నడుస్తాయి. అందుకే ఆ పద్యం బాణంతో మొదలై, ఆఖరి అంకె దగ్గర చంద్రుడితో ముగుస్తుంది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన నాటి నుంచీ లెక్కను పద్యంలో కట్టడం మనకు అలవాటే. యతి, ప్రాస, గణాలు కుదురుతూ 20 అంకెలు వరుస తప్పకుండా రావడం మాత్రం చిన్న పని కాదు.

పద్యంలో అంకెలు సరిగ్గా ఉన్నాయా అని ఒక సందేహం రావచ్చు. తాటాకు మీద ఎక్కించినవాడు ఎక్కడో ఒక అంకె మార్చేసి ఉంటే? దాన్ని పట్టుకునే ఉపాయం సంఖ్యలోనే ఉంది, కొంచెం ఆగితే ఆ సంగతికి వస్తాను.

ఈ మొత్తాన్ని కూడటానికి 64 సంఖ్యలు ఒకదాని కింద ఒకటి రాయనక్కరలేదు. మొదటి గడిలో ఒక గింజ అదనంగా వేయండి. అప్పుడు అక్కడ రెండు. పక్క గడిలోని రెండుతో కలిస్తే నాలుగు. ఆ పక్కనున్న నాలుగుతో కలిస్తే ఎనిమిది. ఇలా దొర్లుకుంటూ పోతే 64వ గడి దాటేసరికి, 65వ గడి ఉంటే దానిలో ఎన్ని గింజలు ఉండేవో సరిగ్గా అన్ని అవుతాయి. వేసిన ఒక్క గింజా తీసేస్తే మన సంఖ్య. అంటే రెండును 64 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేయడమే.

64 సార్లు గుణించడం కూడా అవసరం లేదని వెయ్యేళ్ల కింద అల్ బిరూనీ అనే పండితుడు చూపించాడు. ఆయన భారతదేశానికి రాకముందే, క్రీ.శ. 1000 ప్రాంతంలో, ప్రాచీన జాతుల కాలగణన మీద రాసిన గ్రంథంలో ఈ చదరంగం లెక్క చేశాడు. కిటుకు వర్గం చేయడం. రెండుకు వర్గం నాలుగు. నాలుగుకు వర్గం 16. 16కు వర్గం 256. 256కు వర్గం 65,536. దాని వర్గం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఇంకొక్కసారి వర్గం చేస్తే 65వ గడి సంఖ్య చేతికి వస్తుంది. ఆరు గుణకారాలతో పని పూర్తి. ఈ కిటుకును గుర్తుపెట్టుకోండి, కంప్యూటర్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వచ్చిన సంఖ్యలో ఒక తమాషా ఉంది. మీరు రాసుకున్న కాగితం చూడండి. సున్నా, ఒకటి, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అన్నీ కనిపిస్తాయి. రెండు మాత్రం లేదు. రెండ్లతోనే పుట్టిన సంఖ్యలో రెండు అనే అంకె లేదు. దీనికి పెద్ద అర్థం వెతకకండి. పదుల పద్ధతిలో రాస్తాం కాబట్టి అలా పడింది, అంతే. అంకెలు మన రాతకు చెందినవి, కారణాంకాలు సంఖ్యకే చెందినవి. అందుకే ఇప్పుడు కారణాంకాల్లోకి వెళ్దాం.

చదరంగం బల్లను మొదటి నుంచి కొంచెం కొంచెంగా తెరుస్తూ చూద్దాం. మొదటి రెండు గళ్లలో గింజలు 1, 2. మొత్తం 3. తర్వాతి రెండు గళ్లలో 4, 8. ఇవి మొదటి రెండింటికి సరిగ్గా నాలుగు రెట్లు. కాబట్టి నాలుగు గళ్ల మొత్తం మూడుకు ఒక రెట్టు, నాలుగు రెట్లు, కలిపి ఐదు రెట్లు. మూడైదులు పదిహేను. ఇక మొదటి వరుస పూర్తి చేద్దాం. వరుసలో రెండో సగం మొదటి సగానికి 16 రెట్లు. కాబట్టి ఎనిమిది గళ్ల మొత్తం 15కు 17 రెట్లు, అంటే 255. రెండు వరుసలు తీసుకుంటే 255కు 257 రెట్లు, అంటే 65,535. నాలుగు వరుసలు, అంటే సగం బల్ల, 65,535కు 65,537 రెట్లు. అది 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. చివరికి బల్ల అంతా తీసుకుంటే, సగం బల్లకు 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 రెట్లు.

ఈ రెట్లను వరుసగా చెప్పనివ్వండి: 3, 5, 17, 257, 65,537, ఆపైన 429 కోట్ల చిల్లర. బల్లను తెరిచిన ప్రతిసారీ కొత్త గుణకం ఒకటి చేరింది. అన్నీ అల్ బిరూనీ వర్గాల కన్నా ఒకటి ఎక్కువ. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగం పోనివి.

ఇక్కడే ఫెర్మా వస్తాడు. పియెర్ ద ఫెర్మా ఫ్రాన్సులో తులూజ్‌లో న్యాయాధికారి. లెక్కలు ఆయనకు వ్యసనం. 1640లో తోటి గణితజ్ఞులకు రాసిన ఉత్తరాల్లో ఈ వరుసను ప్రస్తావించి, ఇందులోని సంఖ్యలన్నీ ప్రధానాలే అని తన నమ్మకమన్నాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. వరుసలో ఆరోది, మన బల్ల రెండో సగం నుంచి వచ్చిన 429 కోట్ల సంఖ్య, ఆ రోజుల్లో చేత్తో పరీక్షించడానికి కష్టమైనది. అయినా ఆయన ఊరికే వదిలేశాడేమిటా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఎందుకంటే అలాంటి సంఖ్యల కారణాంకాలు ఏ రూపంలో ఉండాలో చెప్పే సాధనం అప్పటికే ఆయన చేతిలో ఉంది. రెండును 37 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య 223తో భాగం పోతుందని అదే 1640లో ఆయనే కనిపెట్టాడు. ఆ కత్తినే ఇటు తిప్పి ఉంటే సరిపోయేది.

దాదాపు తొంభై ఏళ్లు గడిచాయి. 1729 డిసెంబరులో గోల్డ్‌బాఖ్ అనే గణితజ్ఞుడు, సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న తోటి గణితజ్ఞుడు లియోన్‌హార్డ్ ఆయిలర్‌కు ఉత్తరం రాస్తూ, ఫెర్మా ఇలా అన్నాడట, నీకు తెలుసా అని అడిగాడు. ఆయిలర్ మొదట అంత పట్టించుకోలేదు. పట్టించుకున్నాక 1732లో తేల్చేశాడు, అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఆ ఆరో సంఖ్య ప్రధానం కాదు. అది 641తో నిశ్శేషంగా భాగం పోతుంది. భాగఫలం 67,00,417.

641 ఎలా దొరికింది? ఆయిలర్ తర్వాత నిరూపించిన సూత్రం చెప్పేది ఇది: ఆ ఆరో సంఖ్యను భాగించే ప్రధానం ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం ఒకటి రావాలి. అలాంటివి 65, 129, 193, 257 అంటూ 64 చొప్పున పెరుగుతూ పోతాయి. వాటిలో ప్రధానాలు కానివి తీసేస్తే మిగిలేవి 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే తాళం ఊడింది. ఫెర్మా ఒక్క సాయంత్రం కూర్చుని ఉంటే ఆయనకే దొరికేది.

ఆ 64 ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇంకా బాగుంటుంది. గింజల్ని వదిలేసి, ప్రతి గడిలోనూ గింజల సంఖ్యను 641తో భాగిస్తే వచ్చే శేషం రాయండి. మొదటి గడిలో 1, తర్వాత 2, 4, 8 అలా వెళ్లి, 512 తర్వాత 1024కు బదులు 383 వస్తుంది, అలా కలగాపులగంగా సాగుతుంది. 33వ గడికి వచ్చేసరికి శేషం 640, అంటే ఒకటి తక్కువ. అక్కడి నుంచి రెండో సగం మొదటి సగానికి వ్యతిరేకం. 64 గళ్లలో ఏ శేషమూ రెండోసారి రాదు. 65వ గడి ఉంటే మళ్లీ ఒకటి వచ్చేది. అంటే రెట్టింపుల చక్రం 641 దగ్గర సరిగ్గా చదరంగం బల్లంత పొడవుంటుంది. ఇదే ఆట 17తో ఆడితే చక్రం ఎనిమిది గళ్లే, అంటే ఒక్క వరుస. బల్లంతా ఒక్క చుట్టుకే సరిపోయే ప్రధానాలు లోకంలో రెండే రెండు: 641, 67,00,417. ఆయిలర్ పట్టుకున్నవి అవే.

641 భాగిస్తుందని పెద్ద గుణకారం చేయకుండా చూపించే సొగసైన దారి ఒకటి ఉంది. అది ఆయిలర్‌ది కాదు, తర్వాతివాళ్లది. 641కి రెండు ముఖాలు. ఒకటి, ఐదును 128తో గుణించి ఒకటి కలపడం. రెండోది, 625కు 16 కలపడం. ఇక 641తో భాగిస్తున్నామనుకోండి. ఐదు ఇంటూ 128 అంటే 640, అది మైనస్ ఒకటితో సమానం. దాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే ప్లస్ ఒకటి. నాలుగు ఐదుల్ని గుణిస్తే 625, అది మైనస్ 16తో సమానం. పదహారులో నాలుగు రెండ్లు, నాలుగు 128లలో ఇరవై ఎనిమిది రెండ్లు, మొత్తం ముప్పై రెండు రెండ్లు. ముందు ఒక మైనస్. ఫలితం ఒకటి. అంటే రెండును 32 సార్లు గుణించి ఒకటి కలిపితే శేషం సున్నా. రేడియోలో ఒకసారి వింటే జారిపోతుంది, తీరిగ్గా రాసుకుంటే నాలుగు పంక్తులు.

ఇప్పుడు మన పెద్ద సంఖ్య పూర్తిగా విప్పుకుంది. 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడు ప్రధానాలు, ఒక్కొక్కటి ఒక్కసారే. ఏడింటిలో దేన్ని తీసుకుంటామో దేన్ని వదిలేస్తామో మన ఇష్టం కాబట్టి దీని భాజకాలు మొత్తం 128.

ఇందాక వాయిదా వేసిన సంగతికి వస్తాను. పద్యంలోని సంఖ్యను 17తో భాగించి చూడండి. సరైన సంఖ్య అయితే శేషం రాదు. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు పడితే కచ్చితంగా శేషం మిగులుతుంది. ఎందుకంటే ఒక అంకె మారితే సంఖ్య మారేది ఒకటి నుంచి తొమ్మిది లోపు అంకె పక్కన సున్నాలు పెట్టినంత. అలాంటి సంఖ్యను 17 ఎన్నటికీ భాగించలేదు. పక్కపక్క అంకెలు రెండు వేరువేరువై చోట్లు మార్చుకున్నా ఇదే పరీక్ష పట్టేస్తుంది. మూడుతో పరీక్షిస్తే ఇంత గట్టిగా ఉండదు. అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది నిజమే, కానీ అంకెలు చోట్లు మారినా మొత్తం మారదు కదా. 17 చేసిన పని మూడు చేయలేదు. నేను చదివిన పాఠం ఈ పరీక్షలో నెగ్గింది.

17 పేరు వచ్చింది కాబట్టి గౌస్ దగ్గర ఆగాలి. 1796 మార్చి 30న, ఇంకా పందొమ్మిది నిండని కార్ల్ ఫ్రెడరిక్ గౌస్, స్కేలూ కంపాసూ మాత్రమే వాడి 17 సమాన భుజాల బహుభుజిని గీయవచ్చని కనిపెట్టాడు. గ్రీకులకు త్రిభుజం, పంచభుజి తెలుసు, రెండూ కలిపి 15 భుజాలది తెలుసు. ఆ తర్వాత రెండు వేల ఏళ్లపాటు ఎవరూ ఒక్క అడుగు ముందుకు వేయలేదు. గౌస్ 1801లో అచ్చు వేయించిన గ్రంథంలో సూత్రం మొత్తం చెప్పాడు: ఫెర్మా వరుసలోని వేరువేరు ప్రధానాలను గుణిస్తే వచ్చే ప్రతి సంఖ్యకూ బహుభుజి గీయవచ్చు. అంతకుమించి బేసి సంఖ్యలకు కుదరదని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. బ్రౌన్‌ష్వైగ్‌లో ఉన్న గౌస్ విగ్రహం పీఠం మీద 17 కొనల నక్షత్రం చెక్కి ఉంది.

ఇది మన బల్లతో ఎలా కలుస్తుందో చూడండి. సగం బల్లలో ఉన్న గింజల సంఖ్యకు కారణాంకాలు 3, 5, 17, 257, 65,537. సరిగ్గా ఆ ఐదు ఫెర్మా ప్రధానాలే. వాటిని ఎన్ని రకాలుగా గుణించవచ్చో అన్ని బేసి బహుభుజులు గీయవచ్చని అర్థం. అవి 31. ఇప్పటికి తెలిసినంతలో స్కేలు, కంపాసుతో గీయగల అతిపెద్ద బేసి బహుభుజికి 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 భుజాలు, అంటే సగం బల్ల గింజలన్ని. రెండో సగం తెరిచేసరికి 641 వచ్చి ఆ వరుసను తెంచేసింది. ఫెర్మా నమ్మకం నిలబడిందీ, కూలిందీ ఒకే బల్ల మీద, మధ్య గీతకు అటొకటి ఇటొకటి.

65,537 భుజాల బహుభుజిని గీసే పద్ధతి రాయడానికి జర్మనీలో యోహాన్ హెర్మెస్ అనే ఆయన దాదాపు పదేళ్లు వెచ్చించాడు. ఆ రాతప్రతి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ ఓపికకు దండం పెట్టవచ్చు. కానీ ఆ బొమ్మను నిజంగా గీస్తే వృత్తానికీ దానికీ తేడా ఏ కంటికీ ఆనదు.

మన 20 అంకెల సంఖ్య ఇంకో వేషంలో కూడా తిరిగింది. 1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ ల్యూకా, సియాం దేశపు క్లౌస్ అనే మారుపేరుతో ఒక బొమ్మ అమ్మకానికి పెట్టాడు. ఆ పేరు అక్షరాలు తారుమారు చేస్తే ల్యూకా పేరే. మూడు పుల్లలు, వాటిలో ఒకదాని మీద పెద్దవి కింద చిన్నవి పైన పళ్లేలు, వాటన్నిటినీ ఇంకో పుల్లకు మార్చాలి. ఒక్కోసారి ఒక్క పళ్లెమే కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. దీనికి తోడు కాశీలో ఒక గుడి ఉందని, అక్కడ 64 బంగారు పళ్లేలను పూజారులు రాత్రీ పగలూ మారుస్తున్నారని, అది పూర్తయిన రోజున లోకం అంతమని కథ. కాశీలో అలాంటి గుడి ఏదీ లేదు, సరుకు అమ్ముకోవడానికి అల్లిన కథ. లెక్క మాత్రం నిజం. అన్నిటికన్నా పెద్ద పళ్లెం ఒక్కసారే కదులుతుంది, దాని పైది రెండుసార్లు, ఆ పైది నాలుగుసార్లు. గళ్లలో గింజలెన్నో ఇక్కడ కదలికలన్ని. సెకనుకు ఒకటి చొప్పున కదిపినా 58 వేల కోట్ల సంవత్సరాలు దాటుతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. పూజారులు ఉన్నా, కంగారు పడాల్సిన పని లేదు.

ఇక కంప్యూటరు. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లవి. ఒక్కో బిట్టు ఒక సున్నా లేదా ఒకటి. 64 గళ్లలోనూ ఒకటి రాస్తే వచ్చే సంఖ్య మనదే. రుణ సంఖ్యల ఊసు లేకుండా ఒక గదిలో పట్టే అతిపెద్ద పూర్ణ సంఖ్య అది. దానికి ఇంకొకటి కలిపితే, పాత స్కూటరు మీటరు 99,999 తర్వాత సున్నాలకు తిరిగినట్టు, మొత్తం సున్నా అవుతుంది. గది చిన్నదైతే ఏమవుతుందో 2014 డిసెంబరులో లోకం చూసింది. గంగ్నమ్ స్టైల్ పాట చూసినవారి లెక్క 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటింది. రుణ సంఖ్యలకూ చోటు ఉంచితే 32 బిట్లలో పట్టే పరిమితి అది. యూట్యూబ్ ఆ లెక్కను 64 బిట్ల గదిలోకి మార్చుకుంది.

కారణాంకాల వల్ల కంప్యూటర్లకు ఒరిగేదేమిటి అని అడగవచ్చు. ఒరిగేది ఉంది. ఆటలకూ, వాతావరణ అంచనాలకూ, రకరకాల నమూనాలకూ కంప్యూటరు పాచికలు వేస్తున్నట్టు యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించాలి. 2003లో జార్జ్ మార్సాగ్లియా ప్రచురించిన పద్ధతుల్లో ఒకటి 64 బిట్లను జరుపుతూ, కలుపుతూ పోతుంది. అది సున్నా తప్ప మిగతా అన్ని సంఖ్యల మీదుగా, అంటే సరిగ్గా మన సంఖ్యన్ని మెట్లు తిరిగి, మొదటికి వస్తుంది. మధ్యలోనే చక్రం మూసుకుపోదని నమ్మేదెలా? నడిపి చూద్దామంటే, సెకనుకు వంద కోట్ల మెట్లు వేసినా 584 ఏళ్లు. ఇక్కడ ఆ ఏడు ప్రధానాలు కాపలాదారులవుతాయి. మొత్తం మెట్ల తర్వాత మొదటికి రావాలి. మొత్తాన్ని 3తో భాగించినన్ని మెట్ల తర్వాత రాకూడదు. 5తో భాగించినన్ని మెట్ల తర్వాత రాకూడదు. అలా ఏడు పరీక్షలు. ఏడూ నెగ్గితే చక్రం పూర్తి పొడవు ఉన్నట్టే, ఎందుకంటే అంతకన్నా పొట్టి చక్రం ఏదైనా ఈ ఏడింటిలో ఒకదానికి చిక్కాల్సిందే. అన్ని కోట్ల మెట్లు ఒక్కొక్కటిగా వేయకుండా ఎగిరి దూకడానికి వాడేది అల్ బిరూనీ కిటుకే, వర్గం మీద వర్గం. 1732లో 641 దొరకకపోయి ఉంటే ఈ పరీక్ష కోసమైనా ఎవరో ఒకరు వెతికేవారు.

మన సంఖ్యకు రెండు కలపండి. చివరి అంకెలు 617 అవుతాయి. అది ఫెర్మా వరుసలో ఏడోది. ఈ వరుసలో ఒక నియమం ఉంది: ముందున్నవన్నీ గుణించి రెండు కలిపితే తర్వాతిది వస్తుంది. అందుకే వరుసలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ప్రధాన సంఖ్యలకు అంతు లేదనడానికి దీన్నే నిరూపణగా 1730లో గోల్డ్‌బాఖ్ ఆయిలర్‌కు రాసి పంపాడు. ఆ ఏడో సంఖ్యా ప్రధానం కాదు. 1880లో ఫ్రాన్సులో ఫార్చునే లాండ్రీ అనే పెద్దాయన, 82 ఏళ్ల వయసులో, అది 2,74,177తో భాగం పోతుందని ప్రకటించాడు. అంతకు పాతికేళ్ల ముందే, 1855లో, థామస్ క్లౌసెన్ అనే గణితజ్ఞుడు అదే సంగతి గౌస్‌కు ఉత్తరంలో రాశాడని చాలాకాలం తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో బయటపడింది. ఎవరు ముందు అన్నది నాకంత ముఖ్యం అనిపించదు. 82 ఏళ్ల వయసులో, యంత్రం లేకుండా, 20 అంకెల సంఖ్యతో కుస్తీ పట్టిన మనిషిని తలుచుకుంటేనే నాకు ఇష్టం.

లెక్కల మాస్టార్లకు ఒక మనవి. తరగతిలో చదరంగం కథ చెప్పినప్పుడు బియ్యం బస్తాల దగ్గర ఆపకండి. మొదటి వరుస గింజల్ని పిల్లల చేత కూడించి, 255ను విడగొట్టమనండి. రెండు వరుసలు కూడించి 65,535ను విడగొట్టమనండి. ఆరో తరగతి పిల్లలకు ఇది అందే పనే. సగం బల్ల దగ్గరికి చేరేసరికి వాళ్లంతట వాళ్లే, తర్వాతది కూడా ప్రధానమేనా సార్ అని అడుగుతారు. ఫెర్మా వేసుకున్న ప్రశ్న అదే.

ఫెర్మా వరుసలో ఆరో ప్రధానం ఇప్పటి వరకు ఎవరికీ దొరకలేదు. రెండును 32 సార్లు వర్గం చేసి ఒకటి కలిపితే వచ్చేదాని దాకా, మొదటి ఐదూ పోగా అన్నీ ప్రధానాలు కావని తేలిపోయింది. 33 సార్లు వర్గం చేసి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యకు 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. అది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.